మూడు లక్షల గీతకు ఇవతల: చిన్న ఊళ్ల గాలి, దేశపు రవాణా వ్యూహం

శ్రీకాకుళం వెళ్లే రైలు ప్రయాణికుడు దిగేది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. స్టేషను పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. హౌరా–చెన్నై ప్రధాన మార్గం విద్యుదీకరణ పూర్తయి చాలా ఏళ్లయింది. విజయవాడ నుంచి వచ్చినా, భువనేశ్వర్ నుంచి వచ్చినా వందల కిలోమీటర్ల దూరం కరెంటు మీదే సాగిపోతుంది. స్టేషను బయట అడుగు పెట్టగానే లెక్క మారిపోతుంది. ఊళ్లోకి ఉన్న పది పన్నెండు కిలోమీటర్లకు ఎదురొచ్చేది ఎక్కువగా డీజిల్ ఆటోయే. ముగ్గురి సీటులో ఐదుగురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, ఒళ్లో సంచులు. జనం నిండేదాకా ఇంజన్ ఆడుతూనే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం నేలకు అడుగు ఎత్తులో ఉంటే, తల్లి చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డ పిల్ల ముక్కు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. నల్లపొగ పైకి లేచేది ఆ ముఖం మీదుగానే.

రవాణా కాలుష్యాన్ని తగ్గించడానికి దేశం ఇన్నేళ్లుగా చేసిన పనిలోని గొప్పదనమూ లోపమూ ఈ ఒక్క ప్రయాణంలోనే కనిపిస్తాయి. పెద్ద మార్గాలకూ పెద్ద నగరాలకూ నిజంగా మంచి పనులు జరిగాయి. అక్కడి నుంచి చిన్న ఊరికి చేర్చే చివరి అంచెను మాత్రం ఎవరూ తమ పనిగా తీసుకోలేదు.

సముద్రం పక్కనే ఉన్న ఊళ్లకు గాలి బెంగ ఏమిటని అనుకునేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే చాలామంది ఉన్నారు. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టినప్పుడు జాబితాలో 102 నగరాలుండేవి. ఆంధ్రప్రదేశ్ నుంచి గుంటూరు, కర్నూలు, నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం, అంతే. ఆ తర్వాత కొత్త కొలతలు చూసి మరికొన్ని ఊళ్లను చేర్చారు. వాటిలో శ్రీకాకుళం ఉంది, విజయనగరమూ ఉంది. ఇప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 130 నగరాలు, మన రాష్ట్రం నుంచి 13. వాటిలో చాలావరకు వరసగా కొన్నేళ్లపాటు గాలి ప్రమాణాలను అందుకోలేకపోయిన ఊళ్లే. పది మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళికణాలను పీఎం 10 అంటారు. ఘనపు మీటరు గాలిలో వాటి ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు. ఊపిరితిత్తుల లోలోపలికి, అక్కడి నుంచి రక్తంలోకి కూడా చొరబడగలిగిన పీఎం 2.5కు ఆ హద్దు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకెలు ఇంకా కఠినమైనవి: పీఎం 10కు 15, పీఎం 2.5కు 5.

సముద్రపు గాలి మేలు చేసే మాట నిజమే. మధ్యాహ్నం దాటాక కళింగపట్నం వైపు నుంచి వీచే గాలి ఊరి పొగను చెదరగొడుతుంది. అయితే అది వీచే వేళ ఒకటి, పొగ ఎక్కువయ్యే వేళ ఇంకొకటి. చలికాలం తెల్లవారి నేల దగ్గరి గాలి చల్లబడి, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ పైకి లేవదు. ఆ మూత పూర్తిగా తొలగకముందే పాలబండ్లు, బడి ఆటోలు, ఫస్ట్ షిఫ్టు బస్సులు, రాత్రంతా నడిచిన లారీలు అన్నీ ఒకేసారి రోడ్డు మీద ఉంటాయి. ఏడాది సగటు బాగుందన్నంత మాత్రాన పుష్యమాసం ఉదయం ఏడింటికి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గాలి బాగుంటుందని అనుకోలేం.

కొలిచే పద్ధతితోనూ చిక్కుంది. చిన్న ఊళ్లలో ఏళ్ల తరబడి ఆధారపడింది మాన్యువల్ కొలతల మీద. ఒక వడపోత కాగితాన్ని తూచి యంత్రంలో పెడతారు. 24 గంటలు దానిగుండా గాలి పీల్చి, మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ధూళి. వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 కొలతలు అన్నది నియమం. దీనితో ఏడాది సగటు తెలుస్తుంది. ఏ గంటలో పెరిగింది, జాతీయ రహదారి మీది లారీల వల్లా, బజారు ఆటోల వల్లా, చెత్త తగలబెట్టడం వల్లా అన్నది తెలియదు. రోగికి ఏడాదికోసారి జ్వరం సగటు చెప్పి మందు రాయమన్నట్టు ఉంటుంది.

డబ్బు ఖర్చు దగ్గరకు వచ్చేసరికి ఈ కొలత ఇంకా పక్కదారి పట్టించింది. స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నగరాల పనితీరును బేరీజు వేసేది ప్రధానంగా పీఎం 10 తగ్గుదలతోనే. దుమ్ము తగ్గితే పీఎం 10 అంకె త్వరగా తగ్గుతుంది. అందుకే సిమెంటు రోడ్లు, గుంతల పూడ్పు, ఊడ్చే యంత్రాలు, నీళ్లు చిమ్మే బండ్ల వైపు నిధులు పారాయి. ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ కేంద్రం 2024లో లెక్కలు తీస్తే ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. వాహనాల పొగకు దక్కింది 13 శాతం లోపు, పరిశ్రమలకు ఒక్క శాతం కూడా లేదు. దుమ్ము సమస్య కాదని ఎవరూ అనరు. నాగావళి, వంశధార ఇసుక మీద పట్టా కప్పకుండా పోయే టిప్పర్ వెనక పది నిమిషాలు బండి నడిపినవాళ్లకు అది వేరే చెప్పనక్కర్లేదు. కానీ మట్టి దుమ్మూ డీజిల్ మసీ ఒకటి కావు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి, దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. బరువులో తక్కువగా తూగే ఈ మసి ప్రాణానికి చేసే చేటు ఎక్కువ. తూకం చూసి డబ్బు కేటాయిస్తే అసలు హానిని వదిలేసినట్టే.

ఇక మొదట్లో చెప్పిన మూడు లక్షల గీత సంగతి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పీఎం ఈ-బస్ సేవా పథకానికి ఆమోదం తెలిపింది. పదివేల కరెంటు బస్సులు, నడిపినందుకు కిలోమీటరుకు ఇంత చొప్పున పదేళ్ల పాటు సాయం. మంచి పథకం. కొన్ని రాజధానులకు మినహాయింపు పక్కన పెడితే, 2011 జనగణనలో 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే అది. 2024 అక్టోబరులో మొదలైన మరో కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో 14,028 బస్సులున్నాయి. అవి ప్రధానంగా 40 లక్షలు దాటిన తొమ్మిది మహానగరాలకు. 2011 లెక్కల్లో విజయనగరం పట్టణ జనాభా రెండున్నర లక్షల లోపు, శ్రీకాకుళానిది లక్షన్నర లోపు. అంటే ఒక మంత్రిత్వ శాఖ జాబితాలో ఈ రెండూ దేశంలో గాలి బాగాలేని ఊళ్లు. మరో శాఖ జాబితాలో కరెంటు బస్సుకు సరిపోనంత చిన్న ఊళ్లు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. జాతీయ వ్యూహం అన్న మాటకు అర్థం ఉండాలంటే మొట్టమొదట సరిచేయాల్సింది ఇదే.

ఇలాంటి గీత ఇంతకుముందూ ఉంది. శాస్త్రవేత్త మాషేల్కర్ నేతృత్వంలోని కమిటీ సిఫార్సులతో 2003లో వచ్చిన ఆటో ఇంధన విధానం శుభ్రమైన ఇంధనాన్ని ముందు పెద్ద నగరాలకు, తర్వాత మిగతా దేశానికి అన్న దారి పట్టింది. 2010లో 13 నగరాలకు బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే ఉద్గార ప్రమాణాల్లో నాలుగో మెట్టు) పెట్రోలు, డీజిలు అందాయి. దేశమంతటికీ అందేసరికి 2017 ఏప్రిల్ వచ్చింది. అన్నేళ్లూ చిన్న ఊళ్ల బంకుల్లో పోసింది గంధకం ఎక్కువున్న ఇంధనం. ఆ రోజుల్లో కొన్న లారీలూ ఆటోలూ చాలావరకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1న మాత్రం దేశం సరైన పని చేసింది. బీఎస్-5ను వదిలేసి, ఒకే రోజున అన్ని ఊళ్లకూ బీఎస్-6 తెచ్చింది. గంధకం పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి దిగింది. కొత్త డీజిల్ కార్ల ధూళికణాల పరిమితి 82 శాతం, నత్రజని ఆక్సైడ్ల పరిమితి 68 శాతం తగ్గాయి. ఇచ్ఛాపురం బంకులో పోసేదీ ఢిల్లీ బంకులో పోసేదీ ఆనాటి నుంచి ఒకే ప్రమాణం ఇంధనం. జనాభా గీత లేకుండా చేస్తే ఏం జరుగుతుందో చూపించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. బస్సుల విషయంలో దాన్నెందుకు మరిచిపోయామన్నది అడగాల్సిన ప్రశ్న.

నగరం వదిలించుకున్న బండి తుక్కులోకే పోతుందని కూడా లేదు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని న్యాయస్థానాలు చెప్పాక వాటిలో ఎన్నో నిరభ్యంతర పత్రం తీసుకుని వేరే రాష్ట్రాల దారి పట్టాయి. సెకండ్ హ్యాండ్ బజారు పని చేసేది అలాగే, పై నుంచి కిందికి. పెద్ద నగరాన్ని మాత్రమే శుభ్రం చేసే విధానం కాలుష్యాన్ని కొంతవరకు చిన్న ఊరికి బదిలీ చేస్తుంది.

ఇంకో చిక్కుముడి విప్పుకోవాలి. వాతావరణ మార్పు లెక్క వేరు, ఊపిరి లెక్క వేరు. 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలు అని 2021లో గ్లాస్గోలో దేశం మాటిచ్చింది. ఆ పద్దులో తగ్గాల్సింది బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్). మన ఇంధన వినియోగం నుంచి వచ్చే ఆ వాయువులో రోడ్డు రవాణా వంతు సుమారు 12 శాతం. ఊపిరి పద్దులో తగ్గాల్సింది మసి, నత్రజని ఆక్సైడ్లు. ఏడుగురిని ఎక్కించుకున్న డీజిల్ ఆటో మొదటి పద్దులో పెద్ద దోషి కాదు, ఒక్కడే కూర్చుని పోయే కారుతో పోలిస్తే మేలే. రెండో పద్దులో మాత్రం అది ఊరికి పెద్ద శత్రువు. సీఎన్‌జీకి మారిస్తే మసి బాగా తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు కొంచెమే తగ్గుతుంది. కరెంటు బండి ఊళ్లో పొగను పూర్తిగా తీసేస్తుంది. అయితే దేశపు కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి పొగలో కొంత భాగం పరవాడలోని సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటి చోటికి జరుగుతుంది. అక్కడి గ్రామాల గాలిని కూడా ఇదే వ్యూహంలో లెక్కలోకి తీసుకోవాలి. మన ఊరు బాగుపడి వాళ్ల ఊరు పాడైతే అది పరిష్కారం కాదు.

రెండు పద్దుల్లోనూ లాభం చూపించే బండి ఒకటుంది, బస్సు. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి సుమారుగా 60 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బస్సు 12 లీటర్లు తాగుతుంది. లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కాబట్టి మొత్తం 32 కిలోలు. యాభై మంది ఎక్కితే తలకు 640 గ్రాములు. అదే దూరానికి లీటరుకు 20 ఇచ్చే డీజిల్ కారులో ఒక్కడే వెళ్తే 8 కిలోలు. పన్నెండు రెట్లకు పైమాటే. కరెంటు, బ్యాటరీల మాట రాకముందే, ఉన్న డీజిల్ బస్సునే నిండుగా, వేళకు నడిపితే దక్కే లాభం ఇది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది కూడా ఇదే: రోడ్లు కదిలించాల్సింది మనుషులను, వాహనాలను కాదు. ఆ మాట పుస్తకంలో ఉండిపోయింది. రోడ్ల వెడల్పు పెరిగింది, బస్సుల సంఖ్య ఆ తీరున పెరగలేదు.

2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వ స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. దీన్ని సంక్షేమ పథకంగానే అందరూ చూశారు. నిజానికి గాలి కోణం నుంచి చూస్తే ఇన్నేళ్లలో ఈ జిల్లాలకు అందిన పెద్ద రవాణా విధానం ఇది. షేర్ ఆటోలో వెళ్లే రాజాం, పొందూరు, నెల్లిమర్ల, గజపతినగరం ఆడవాళ్లు బస్సు కోసం ఆగడం మొదలైతే, రోడ్డెక్కే ఇంజన్లు తగ్గుతాయి. అయితే బస్సు రావాలి. గంటసేపు చూసి, వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటు లేకపోతే ఆమె మళ్లీ ఆటో ఎక్కుతుంది, ఇంట్లో మగపిల్లాడు ఈఎంఐ మీద బైకు కొంటాడు. ఒకసారి కొన్న బైకు మళ్లీ బస్సుకు దారి ఇవ్వదు. కాబట్టి ఈ జిల్లాల్లో గాలి బాగుపడాలంటే మొదటి ఖర్చు అదనపు బస్సుల మీద, వాటిని నడిపే డ్రైవర్ల మీద పెట్టాలి. పల్లెవెలుగు రూట్లు కరెంటుకు అనువైనవి కూడా: దూరాలు తక్కువ, రాత్రికి డిపోకే చేరతాయి, మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్సులో ఆగుతాయి. చార్జింగుకు వేరే స్థలం వెతకనక్కర్లేదు. ఒక్కో పట్టణాన్ని విడిగా చూస్తే జనాభా చాలదనిపించవచ్చు. పలాస–టెక్కలి–నరసన్నపేట–శ్రీకాకుళం–విజయనగరం మొత్తాన్ని ఒక వరుసగా చూస్తే మూడు లక్షల గీత ఎప్పుడో దాటిపోతుంది. జనం తిరిగేది ఈ వరుసలోనే, మున్సిపాలిటీ హద్దుల్లో కాదు.

బస్సు నిండితే ఆటో డ్రైవరుకు కడుపు మాడుతుంది. ఈ మాటను దాటవేసే వ్యూహం నిలబడదు. ఉచిత బస్సు వచ్చాక ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున ఇచ్చింది. ఆ డబ్బు డీజిలుకో, పాత అప్పుకో కరిగిపోయే అవకాశమే ఎక్కువ. అలాంటి సాయాన్ని కరెంటు ఆటోకు కట్టే మొదటి సొమ్ముగా మలిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఆమదాలవలస స్టేషను రూటునే తీసుకుంటే, రోజుకు ఐదు రౌండ్లు వేస్తే నూట ఇరవై కిలోమీటర్లు. ఇప్పుడు దొరుకుతున్న కరెంటు ఆటోలకు అది మోయలేని దూరం కాదు, మధ్యలో ఒక గంట చార్జింగు దొరికితే చాలు. డ్రైవరును ఆపుతున్నది బండి కాదు, అప్పు. బ్యాంకు గడప ఎక్కలేని మనిషికి ప్రైవేటు ఫైనాన్సే దిక్కు. అయిదేళ్లకు బ్యాటరీ పోతే ఆ బండిని ఎవరు కొంటారన్న భయంతో ఫైనాన్సు వాళ్లు వడ్డీ పెంచుతారు. బ్యాటరీకి హామీ, వడ్డీలో రాయితీ, స్టాండు దగ్గరే చార్జింగు, ఈ మూడూ కలిసి రావాలి. సబ్సిడీ ఒక్కటే ప్రకటిస్తే అది షోరూము దాకా వెళ్లగలిగినవాళ్లకే అందుతుంది.

ఉన్న బండ్ల సంగతి చూసేందుకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. పెట్రోలు బంకు పక్కన వ్యానులో ఇచ్చే ఆ కాగితం కోసం పెట్రోలు బండిలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను కొలుస్తారు. డీజిలు బండిలో యాక్సిలరేటర్ తొక్కి, పొగ ఎంత చిక్కగా ఉందో కాంతి పంపి చూస్తారు. సన్నని కణాలు గానీ, నత్రజని ఆక్సైడ్లు గానీ ఆ పరీక్షకు చిక్కవు. లోడు లేకుండా నిలబడి చేసే పరీక్షకు, గ్రానైట్ దిమ్మతో ఎత్తు ఎక్కే లారీ వదిలే పొగకు పోలికే లేదు. బీఎస్-6 లారీల్లో పొగను శుభ్రం చేసే వడపోత ఉంటుంది, యూరియా ద్రావణం పోసే ట్యాంకు ఉంటుంది. ఖర్చు మిగులుతుందని వాటిని పని చేయకుండా చేస్తే కొత్త బండి కూడా పాతదానికి సాటిగా పొగ వదులుతుంది. దారి పక్కన నిలిపిన పరికరంతో, కదులుతున్న బండి పొగను కొలిచే పద్ధతులు ఇప్పుడున్నాయి. టోల్‌గేట్ల దగ్గర వాటిని పెడితే ఎక్కువ పొగ వదిలే కొద్ది బండ్లను పట్టుకోవచ్చు. మిగతా వందలాది మందిని ఆపి ఇబ్బంది పెట్టే అవసరం ఉండదు.

లారీల విషయంలో మున్సిపాలిటీ చేయగలిగింది తక్కువ. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు జిల్లాల వెన్నెముక. నాతవలస దగ్గర చీలి విజయనగరం, సాలూరు మీదుగా ఒడిశాలోని బరగఢ్ దాకా వెళ్లే 26వ నంబరు రహదారి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరుకు మోస్తుంది. ఆ పొగకు పుట్టిల్లు వేరే రాష్ట్రం, చేరే రేవు వేరే ఊరు, పీల్చేది మాత్రం రణస్థలం, గజపతినగరం జనం. ఊరి గాలి ప్రణాళికలో సిమెంటు రోడ్డు వేసుకోవచ్చు గానీ ఈ లారీని ఆపలేరు. జాతీయ స్థాయిలోనే తేలాల్సిన పని ఇది. సరుకు రవాణాలో రైలు వాటాను ఇప్పుడున్న పావు వంతు పైచిలుకు నుంచి 2030 నాటికి 45 శాతానికి పెంచాలని జాతీయ రైలు ప్రణాళిక చెబుతోంది. తూర్పు తీరం వెంట ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు సరుకు రైళ్లకే ప్రత్యేక మార్గం అన్న ప్రతిపాదన కూడా ఉంది. అది పట్టాలకెక్కితే పోయేది ఈ జిల్లాల మీదుగానే. ఈ ప్రాంతపు గాలికి నీళ్లు చిమ్మే బండ్లు వంద కొన్నా రానంత మేలు దానితో వస్తుంది.

ఈలోగా రెండు పెద్ద నిర్మాణాలు ఇక్కడి రవాణాను మార్చేస్తున్నాయి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవు. విమానాశ్రయానికి విశాఖ నుంచీ, విజయనగరం, శ్రీకాకుళం నుంచీ రోజూ వేలమంది రాకపోకలు సాగిస్తారు. మొదటి విమానం దిగిన రోజు నుంచే గంటగంటకూ కరెంటు బస్సు ఉంటే జనం దానికి అలవాటు పడతారు. ఏడాది తర్వాత వస్తే అప్పటికే ట్యాక్సీలు, సొంత కార్లు స్థిరపడిపోతాయి. మూలపేటకు వచ్చే బొగ్గు, ఎరువులు, టెక్కలి చుట్టుపక్కల నుంచి పోయే గ్రానైట్ పట్టాల మీద నడుస్తాయా, నౌపడ ఉప్పుకొఠార్ల పక్క రోడ్డు మీద లారీల్లో నడుస్తాయా అన్నది రేవు నిండాక తేలే విషయం కాదు. లారీల యార్డుకు స్థలం కేటాయించే కాగితం మీదే రైలు సైడింగుకూ స్థలం చూపించాలి. రోడ్డు వారన హోటళ్లు, పంక్చరు షాపులు, ఇళ్లు లేచాక ఆ స్థలం మళ్లీ దొరకదు.